విమానంలో పసిబిడ్డకి కార్ సీటు: కొనే ముందు ఏం చూడాలి, ఎలా బిగించాలి

మా పాపకి ఎనిమిదో నెల నడుస్తుండగా డల్లాస్‌లో ఉన్న మా అక్క దగ్గరికి ప్రయాణమయ్యాం. పాపకి విడిగా సీటు కొంటున్నామని, ఆ సీటు మీద కార్ సీటు బిగించి కూర్చోబెడతామని చెప్పగానే మా అత్తయ్య “ఒళ్లో పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత డబ్బెందుకమ్మా?” అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. రెండేళ్లు నిండని బిడ్డని ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు. అంతర్జాతీయ ప్రయాణంలో అలాంటి బిడ్డకి సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో పదో వంతు దాకా తీసుకుంటారు. విడిగా సీటు కావాలంటే పిల్లల టికెట్ ధర కట్టాలి, అది చాలాసార్లు పెద్దవాళ్ల ధరకి దగ్గరగానే ఉంటుంది.

అత్తయ్యకి నేను చెప్పిన జవాబే మీకూ చెప్తాను. పాప ఎనిమిది కిలోలు. విమానం ఒక్కసారిగా కుదిపి బరువు మూడు రెట్లైతే నా చేతుల్లోంచి జారిపోయేది ఇరవై నాలుగు కిలోలు, అంటే దాదాపు ఒక బియ్యం బస్తా. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత గట్టిగా పట్టుకున్నా బస్తా ఎగిరితే చేతులు ఆపలేవు. విమానంలో మనల్ని బెల్టు పెట్టుకోమంటారు, కాఫీ కప్పుని కూడా టేకాఫ్‌కి ముందు తీసేస్తారు, బిడ్డని మాత్రం చేతుల్లో వదిలేస్తారు.

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలింది. అందులో ఒళ్లో కూర్చున్న పసిపిల్లలు నలుగురు ఉన్నారు. అప్పటి పద్ధతి ప్రకారం వాళ్లని కాళ్ల దగ్గర నేల మీద ఉంచమని తల్లిదండ్రులకి చెప్పారు. ఆ నలుగురిలో ఒక బిడ్డ చనిపోయాడు. ఆ మాట చెప్పాల్సి వచ్చిన ప్రధాన ఫ్లైట్ అటెండెంట్ జాన్ బ్రౌన్ అనే ఆవిడ, పిల్లలకి విడి సీటు ఉండాలని ఆ తర్వాత ఏళ్ల తరబడి పోరాడారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇప్పటికీ ఒళ్లో బిడ్డని నిషేధించలేదు కానీ, బిడ్డకి అన్నిటికంటే క్షేమమైన చోటు ఆమోదం ఉన్న కార్ సీటేనని, ఒడి కాదని తల్లిదండ్రులకి గట్టిగా చెప్తుంది.

ఈ వయసు బిడ్డని కూర్చోబెట్టాల్సింది రియర్ ఫేసింగ్ సీట్లో, అంటే బిడ్డ ముఖం వెనక్కి ఉండే సీటులో. పసిబిడ్డకి తల బరువు, మెడ ఎముకలు ఇంకా లేతవి. బండి గానీ విమానం గానీ హఠాత్తుగా ఆగితే ముందుకి చూస్తున్న బిడ్డ తల ముందుకి విసిరినట్టు వెళ్తుంది. వెనక్కి చూస్తున్న బిడ్డ వీపు, మెడ, తల మూడూ సీటు గుల్లలోకి ఒకేసారి ఒత్తుకుంటాయి కాబట్టి మెడ మీద లాగుడు పడదు. మన ఇళ్లల్లో బిడ్డని భుజాన వేసుకున్నప్పుడు మెడ కింద చెయ్యి పెడతాం కదా, ఈ సీటు చేసేది అదే.

ఇక పని మొదలుపెడదాం. ఈ వ్యవహారంలో ముప్పాతిక వంతు ఇంట్లోనే తేలిపోవాలి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాక చూసుకుందాం అనుకుంటే మాత్రం కుదరదు.

ముందు లేబుల్ చదవండి

సీటుని బోర్లించి, పక్కలు తిప్పి, అంటించిన స్టిక్కర్లన్నీ చదవండి. అమెరికాలో అమ్మే సీట్ల మీద ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: “దిస్ రిస్ట్రెయింట్ ఈజ్ సర్టిఫైడ్ ఫర్ యూజ్ ఇన్ మోటార్ వెహికల్స్ అండ్ ఎయిర్‌క్రాఫ్ట్”. ఇది కారుకీ విమానానికీ రెండింటికీ పనికొస్తుందని దానర్థం. ఈ ఒక్క వాక్యం కోసం నేను ఫోన్ టార్చి వేసుకుని పది నిమిషాలు వెతికాను. దొరికాక దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, దారిలో కనీసం రెండుసార్లు చూపించాల్సి వస్తుంది.

మన హైదరాబాద్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే సీట్ల మీద ఎక్కువగా ఈసీఈ ఆర్44 అనే యూరప్ ప్రమాణం గుర్తు కనిపిస్తుంది. అది మంచి ప్రమాణమే. ఆ గుర్తున్న సీట్లని విమానంలోకి అనుమతించే ఎయిర్‌లైన్స్ కూడా ఉన్నాయి. కానీ రెండు చిక్కులున్నాయి.

మొదటిది బెల్టు. కారులో బెల్టు నడుము మీదుగా ఒకటి, భుజం మీదుగా ఒకటి వస్తుంది. విమానంలో నడుము బెల్టు ఒక్కటే. యూరప్ ప్రమాణంతో చేసిన పసిపిల్లల సీట్లలో చాలావాటికి భుజం బెల్టు వీపు వెనక నుంచి చుట్టి రావాల్సిందే, లేకపోతే అవి నిలబడవు. మాన్యువల్ తెరిచి, బేస్ (సీటు కింద విడిగా వచ్చే పీఠం) లేకుండా ఒక్క నడుము బెల్టుతో రియర్ ఫేసింగ్‌గా బిగించవచ్చని రాశారో లేదో వెతకండి. రాసి ఉంటేనే ముందుకి వెళ్లండి. లేబుల్ ఎంత బాగున్నా నడుము బెల్టుతో బిగించలేని సీటు విమానంలో ఉత్త బరువు.

రెండోది, మీరు వెళ్లేది అమెరికాకే అయితే. అక్కడ కారులో వాడే సీటు ఎఫ్ఎంవీఎస్ఎస్ 213 అనే వాళ్ల ప్రమాణానికి సరిపోవాలి. ఇక్కడ కొన్న సీటు విమానం దాకా పనికొచ్చినా అక్కడి రోడ్డు మీద చెల్లదు. అందుకే మేం మా అక్కనే అడిగాం. వాళ్ల స్నేహితులెవరో హైదరాబాద్ వస్తుంటే వాళ్లతో కొత్త సీటు పంపించింది. ఎవరైనా వస్తున్నారంటే పచ్చళ్లు, పొడులు పంపడం మనకి అలవాటే కదా, ఒక్కసారి అటు నుంచి ఇటు కార్ సీటు రావడంలో మొహమాటం ఏమీ లేదు.

ఇంకో మాట. బంధువుల పిల్లలు వాడేసిన సీటు ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. ప్లాస్టిక్ మీద అచ్చు వేసిన గడువు తేదీ చూడండి. ఆ కారుకి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా అని అడగండి. మాన్యువల్ ఉందా లేదా చూడండి. బిడ్డల బట్టలు చేతులు మారినంత తేలిగ్గా ఈ వస్తువు చేతులు మారకూడదు.

కుట్టు టేపు తీసుకుని కొలవండి

ఎకానమీ సీట్లో రెండు చేతుల పట్టీల (ఆర్మ్‌రెస్ట్‌ల) మధ్య సుమారు 17, 18 అంగుళాలు ఉంటుంది. 16 అంగుళాల వెడల్పు దాటని కార్ సీటు దాదాపు అన్ని విమానాల్లో పడుతుందని ఎఫ్ఏఏ చెప్తుంది. ఇంట్లో దర్జీ టేపు ఉంటుంది, కింది భాగంలో అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట కొలవండి. పైన వెడల్పుగా ఉన్నా ఫర్వాలేదు, చేతుల పట్టీల మధ్య దిగాల్సిన భాగం ముఖ్యం.

ఏడాది లోపు బిడ్డకి బుట్టలా హ్యాండిల్ పట్టుకుని మోసే ఇన్‌ఫెంట్ సీటు సుఖం. బేస్ లేకుండా నాలుగైదు కిలోలే ఉంటుంది, తక్కువ చోటు తీసుకుంటుంది. పుట్టినప్పటి నుంచి నాలుగేళ్ల దాకా వాడే పెద్ద కన్వర్టబుల్ సీట్లు కూడా రియర్ ఫేసింగ్‌గా పెట్టొచ్చు కానీ అవి పొడవు. ముందు వరుస సీటుకి తగులుతాయి, మోసుకెళ్లడానికి భుజాలు పడిపోతాయి. ఎఫ్ఏఏ సాధారణంగా 9 కిలోల లోపు బిడ్డకి రియర్ ఫేసింగ్ అంటుంది. మీ సీటు మాన్యువల్‌లో బరువు, ఎత్తు పరిమితులు ఇంకా ఎక్కువే ఉంటే అంతదాకా వెనక్కి చూపించే ఉంచండి.

కేర్స్ అనే పట్టీల సెట్ ఒకటుంది, విమానం సీటుకే తగిలించేది. తేలిగ్గా సంచిలో పడుతుంది. అయితే అది 10 నుంచి 20 కిలోల పిల్లలకి, ముందుకి చూసి కూర్చునేవాళ్లకి మాత్రమే. చంటిబిడ్డకి అది సరిపోదు. బూస్టర్ సీట్లని టేకాఫ్, ల్యాండింగ్‌లో అసలు వాడనివ్వరు.

టికెట్

చాలా వెబ్‌సైట్లలో ‘ఇన్‌ఫెంట్’ అని నొక్కగానే ఒడి టికెట్ వచ్చేస్తుంది. సీటు రాదు. అందుకని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి “రెండేళ్ల లోపు బిడ్డ, విడిగా సీటు కావాలి, కార్ సీటు తెస్తున్నాం” అని మూడు ముక్కలూ ఒకేసారి చెప్పండి. తర్వాత ఇదే విషయం ఈమెయిల్‌లో రాసి జవాబు తెప్పించుకోండి. ఆ ఉత్తరంలో సీటు కంపెనీ, మోడల్, వెడల్పు, లేబుల్ ఫొటో పెట్టి ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: రియర్ ఫేసింగ్‌గా వాడనిస్తారా? కొన్ని ఎయిర్‌లైన్స్ కార్ సీటుకి సరే అంటూనే ముందుకి చూసేలా మాత్రమే పెట్టమంటాయి. ఆ తేడా కౌంటర్ దగ్గర తెలిస్తే చేసేదేమీ ఉండదు.

అమెరికా ఎయిర్‌లైన్స్‌కి చట్టంలోనే ఉంది. బిడ్డకి టికెట్ ఉండి, ఆమోదం ఉన్న సీటైతే వాడొద్దని అనడానికి వీల్లేదు. మిగతా దేశాల ఎయిర్‌లైన్స్ ఒక్కొక్కటి ఒక్కో పద్ధతి పాటిస్తాయి. మధ్యలో విమానం మారితే, రెండో విమానం వేరే కంపెనీదైతే, వాళ్లనీ అడగాలి.

సీటు ఎంచుకునేటప్పుడు కిటికీ పక్కదే తీసుకోండి. కార్ సీటు ఎవరి దారికీ అడ్డం రాకూడదు కాబట్టి నడవ పక్కన ఒప్పుకోరు. అత్యవసర ద్వారం వరుసలో అసలే కుదరదు, దానికి సరిగ్గా ముందు, వెనక వరుసల్లో కూడా వద్దంటారు. బిజినెస్ క్లాసులో కొన్ని సీట్ల బెల్టులోనే గాలిసంచి ఉంటుంది, అలాంటి చోట కార్ సీటు పెట్టకూడదు. ఎక్కువ డబ్బు పెట్టాం కాబట్టి ఎక్కువ సౌకర్యం అనుకోకండి, ముందే అడగండి.

నేను ఇంకో చిన్న ఏర్పాటు చేశాను. పాప కార్ సీటుకి సరిగ్గా ముందున్న సీటు మా ఆయనకి తీసుకున్నాం. రియర్ ఫేసింగ్ సీటు వెనక ఉంటే ముందు సీటు వెనక్కి వాలదు. ఆ సీట్లో తెలియని మనిషి ఉంటే పదిహేను గంటలు ఆయనకీ ఇబ్బంది, మనకీ మాటలు పడాల్సిన పరిస్థితి. మనవాళ్లే ఉంటే ఏ గొడవా లేదు.

బాసినెట్ సంగతి చాలామంది అడుగుతారు. గోడకి తగిలించే ఆ ఉయ్యాల నిద్రకి బాగానే ఉంటుంది కానీ టేకాఫ్, ల్యాండింగ్, కుదుపులప్పుడు బిడ్డని అందులోంచి తీసి ఒళ్లోకి తీసుకోమంటారు. అంటే ప్రమాదం ఎక్కువున్న సమయాల్లోనే అది పనికిరాదు. నిద్రపోయిన బిడ్డని బెల్టు లైటు వెలిగినప్పుడల్లా లేపడం వేరే బాధ.

ఇంట్లో సాధన

విమానం బెల్టు లాంటిది ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? పాత కారుంటే దొరుకుతుంది. మన దగ్గర చాలా కార్లలో వెనక సీటు మధ్యలో నడుము బెల్టు ఒక్కటే ఇచ్చేవారు. మా నాన్నగారి పాత కారులో అలాగే ఉంది. మల్కాజ్‌గిరిలో వాళ్లింటి గేటు ముందు నిలబడి, బేస్ పక్కన పెట్టి, ఆ మధ్య బెల్టుతో పదిసార్లు బిగించి విప్పాను. మొదటిసారి పన్నెండు నిమిషాలు పట్టింది, చివరికి మూడు నిమిషాలకి వచ్చింది. అలా చేసేటప్పుడే బెల్టు ఏ కొక్కేల కింద నుంచి వెళ్తుందో చేతికి అలవాటవుతుంది. చాలా సీట్ల మీద రియర్ ఫేసింగ్ బెల్టు దారికి నీలం గుర్తు ఉంటుంది. బిగించాక ఫోన్‌లో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి, నిద్రలేని అర్ధరాత్రి అవే గుర్తు చేస్తాయి.

బిడ్డని కట్టే పట్టీల బకిల్ విప్పడం కూడా ఇద్దరూ సాధన చేయండి. అత్యవసరంగా దిగాల్సి వస్తే బిడ్డని మాత్రమే తీసుకుని దిగాలి, సీటు అక్కడే వదిలేయాలి.

షంషాబాద్ దాకా

సీటు ఉంది కాబట్టి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే కారులో కూడా వాడండి. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాక ఎవరి బండీ నెమ్మదిగా పోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచితే, బిడ్డ సంగతి మనది.

ఇక్కడ క్యాబులతో ఒక ఇబ్బంది ఉంది. వెనక సీటు బెల్టు బకిళ్లు సీటు కవర్ల కింద పాతుకుపోయి ఉంటాయి. డ్రైవర్ గారికి బయల్దేరే అరగంట ముందే ఫోన్ చేసి “అన్నా, వెనక బెల్టులు పైకి తీసి ఉంచండి, పాప సీటు కట్టాలి” అని చెప్పండి. చెప్తే చాలామంది తీసి ఉంచుతారు. వాకిట్లో లగేజీ ఎక్కిస్తూ, అందరూ హారతులు ఇస్తూ ఉండగా కవర్ల కింద చేతులు పెట్టి వెతకడం చాలా టెన్షన్.

మామూలుగా బయల్దేరే టైమ్ కన్నా ముప్పావు గంట ముందు బయల్దేరండి.

చెక్ఇన్, సెక్యూరిటీ

మేం వెళ్లిన రోజు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి సీటుని చూడగానే “ఇది లగేజీలో వేసేయాలి మేడమ్” అంది. పాపకి సీటు ఉందని టికెట్ చూపించాను. ఆమెకి అలాంటి సందర్భం అంతకుముందు వచ్చినట్టు లేదు. నేను గొంతు పెంచలేదు. ఈమెయిల్ ప్రింటు, ఎర్ర అక్షరాల ఫొటో ముందు పెట్టి, “మీ సూపర్‌వైజర్ గారిని ఒకసారి పిలుస్తారా?” అన్నాను. పది నిమిషాల్లో తేలిపోయింది. ఫోన్‌లో ఉంది అని వెతుక్కుంటూ నిలబడితే వెనక క్యూ విసుక్కుంటుంది, కాబట్టి ప్రింటు తీసి పాస్‌పోర్టులతో కలిపి పెట్టుకోండి.

సెక్యూరిటీ దగ్గర బిడ్డని సీట్లోంచి తీయాలి. సీటు ఎక్స్‌రే బెల్టు మీద పడితే అందులో వెళ్తుంది, పట్టకపోతే చేత్తో తనిఖీ చేస్తారు. బిడ్డ పాలు, ఉగ్గు, నీళ్లు ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లనిస్తారు, వాటిని సంచిలోంచి తీసి విడిగా చూపించండి. వెండి మొలతాడు, కడియాలు ఉంటే మెటల్ డిటెక్టర్ మోగుతుంది. మొలతాడు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, తర్వాత చెప్తాను.

గేటు దగ్గర కుటుంబాలని ముందుగా పిలుస్తారు. పిలవకపోతే వెళ్లి అడగండి. వెనక జనం లేకుండా దొరికే ఆ ఐదు నిమిషాలు బంగారం. ఇద్దరున్నప్పుడు ఒకరు సీటుతో ముందుగా ఎక్కి బిగించండి, ఇంకొకరు బిడ్డతో చివర్లో రండి. నడవ సన్నగా ఉంటుంది, సీటుని తలల ఎత్తులో పట్టుకుని పక్కకి తిప్పుకుంటూ వెళ్లాలి.

బిగించడం

సీటు మధ్య చేతుల పట్టీని పైకి ఎత్తేయండి. విమానం బెల్టుని పూర్తిగా వదులు చేసి రెండు వైపులా తీసి ఉంచండి. కార్ సీటుని, బిడ్డ కాళ్లు విమానం సీటు వీపు వైపు వచ్చేలా పెట్టండి. హ్యాండిల్ ఏ స్థానంలో ఉండాలో మాన్యువల్ ఏం చెప్తే అదే.

ఇప్పుడు బెల్టుని రియర్ ఫేసింగ్ దారిలోంచి, అంటే బిడ్డ తొడల మీదుగా వచ్చే చోట రెండు పక్కల కొక్కేల కింద నుంచి పోనిచ్చి బకిల్ పెట్టండి. మెలి పడకూడదు. ఒక అరచేత్తో కార్ సీటుని కిందకి బలంగా అదుముతూ ఇంకో చేత్తో బెల్టు కొస లాగండి. అలవాటున్నవాళ్లు మోకాలు, మోచెయ్యి కూడా ఆనిస్తారు. బెల్టు వెళ్లే దారి దగ్గరే సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఒక అంగుళానికి మించి కదలకూడదు. పైభాగం పట్టుకుని ఊపితే ఎంత బాగా బిగించినా కొంచెం ఊగుతుంది, అది చూసి భయపడకండి.

బకిల్ కొక్కెం కిందకి సరిగ్గా వచ్చి ఇరుక్కుంటే తర్వాత విప్పడానికి మూత ఎత్తడానికి చోటుండదు. బిగించే ముందే మూత ఎత్తగలుగుతున్నానా అని చూసుకోండి. ఇరుక్కుంటుందనిపిస్తే బకిల్‌ని బోర్లా తిప్పి పెట్టి చూడండి. బెల్టు పొట్టిగా ఉన్నా, బకిల్ తప్పు చోట పడినా సిబ్బందిని ఎక్స్‌టెండర్ (బెల్టుని పొడిగించే అదనపు ముక్క) అడగండి, బకిల్ స్థానం మారిపోతుంది.

తర్వాత వాలు. సీటు మరీ నిటారుగా ఉంటే బిడ్డ గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం పడుతుంది. సీటు పక్కన గీతో, చిన్న బుడగో ఉంటుంది కదా, అది నేలకి సమానంగా ఉండాలి. విమానం సీటు వెనక్కి వాలు ఉన్నందువల్ల కొన్ని సీట్లు లెవల్ అవ్వవు. మాన్యువల్ ఒప్పుకుంటే చుట్టిన తువ్వాలు ఒకటి కింద పెట్టొచ్చు. నా సంచిలో ఎప్పుడూ ఉండే పల్చటి కాటన్ తువ్వాలే ఆ రోజు పనికొచ్చింది.

బిడ్డని కట్టడం

ఏసీ చల్లగా ఉంటుందని మనవాళ్లు స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు, మంకీ క్యాప్ వేసి పంపిస్తారు. లావు స్వెట్టరు మీద పట్టీ బిగిస్తే బిగిసినట్టే కనిపిస్తుంది కానీ లోపల వదులుగా ఉంటుంది. పల్చటి పూర్తి చేతుల బట్టలు వేసి, పట్టీలు బిగించాక పైన శాలువా కప్పండి. రియర్ ఫేసింగ్‌లో పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద నుంచి గానీ రావాలి. ఛాతీ క్లిప్ ఉంటే చంకల ఎత్తులో. భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడు వేలుతో గిల్లి చూడండి. మడత వేళ్లకి దొరికితే ఇంకా బిగించాలి.

మొలతాడు సంగతి ఇక్కడే. నడుము దగ్గర బకిల్ కింద వెండి మొలతాడు, దిష్టి పూసలు ఒరుసుకుని గంటల తరబడి చర్మం మీద ముద్ర వేస్తాయి. ప్రయాణం పూట తీసి ఉంచమని నేను మా అమ్మని అడిగితే మొదట ఒప్పుకోలేదు. చివరికి నల్లతాడు ఒకటి పాప కాలికి కట్టి పంపింది.

సిబ్బంది అలవాటుగా ఒళ్లో పిల్లలకి ఇచ్చే చిన్న అదనపు బెల్టు తెచ్చి ఇస్తారు. కార్ సీటు ఉంటే అది అక్కర్లేదు, కార్ సీటుకి తగిలించకూడదు కూడా. పెద్దవాళ్ల బెల్టుకి తగిలించే ఆ బెల్టుని అమెరికాలో ఎఫ్ఏఏ అనుమతించదు. కుదుపులో పెద్ద మనిషి ముందుకి వంగితే మధ్యలో నలిగేది బిడ్డే.

గాలిలో

పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడికి బిడ్డ ఏడుస్తుంది, ఏదైనా చప్పరిస్తే తగ్గుతుంది. సీట్లోంచి తీసి పాలివ్వాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. ఆ సమయాలకి ముందే పిండి తీసిన తల్లిపాలు సీసాలో సిద్ధంగా ఉంచుకోండి, లేదా పాసిఫైయర్ ఇవ్వండి. వెనక్కి చూస్తున్న బిడ్డ ముఖం మీకు కనిపిస్తూనే ఉంటుంది, పక్క నుంచి వంగి పట్టొచ్చు. బెల్టు లైటు ఆరాక తీసుకుని తృప్తిగా పాలివ్వండి, తిప్పండి, డైపర్ మార్చండి. గంటల తరబడి కదలకుండా ఉంచొద్దు. నిద్రలో ఉన్నా మధ్యమధ్యలో గడ్డం, ముక్కు దగ్గర చూస్తుండండి. శాలువా ముఖం మీదకి జారకూడదు. నెలలు నిండకముందు పుట్టిన బిడ్డైతే ఎంతసేపు ఈ సీట్లో ఉంచొచ్చో ప్రయాణానికి ముందే పిల్లల డాక్టర్ గారిని అడగండి.

మా పాప మొదటి విమానంలో రెండు గంటలు ఏడ్చింది, ఆ తర్వాత ఐదు గంటలు ఒకే పట్టున పడుకుంది. ఇంట్లో ముందు నుంచి రోజూ కాసేపు ఆ సీట్లో కూర్చోబెట్టడం వల్ల అది పాపకి కొత్త చోటు కాలేదు. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచైనా ఆ అలవాటు చేయండి.

తిరుపతి లాంటి చిన్న ప్రయాణాలు

పుట్టువెంట్రుకలు తీయించడానికి హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లేవాళ్లు ఎక్కువ. ఆ దారిలో నడిచే చిన్న ఏటీఆర్ విమానాల్లో చోటు ఇంకా తక్కువ. ఎయిర్‌లైన్ కార్ సీటు వాడనిస్తే మంచిదే, ఒప్పుకోకపోతే వాదించకండి. చాలా ఎయిర్‌లైన్స్ దాన్ని అదనపు రుసుము లేకుండా లగేజీలో తీసుకుంటాయి, అడిగి వేయండి. మెత్తటి బట్టలు చుట్టి మందపాటి సంచిలో పెట్టండి, దిగాక పగుళ్లున్నాయేమో తిప్పి చూడండి. రేణిగుంట నుంచి కొండ పైకి ఘాట్ రోడ్డు మలుపుల్లో దాని అవసరం విమానంలో కన్నా ఎక్కువ.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చే తేదీ నాటికి బిడ్డకి రెండేళ్లు నిండితే ఒడి టికెట్ చెల్లదు, సీటు తప్పనిసరి. మూడు నాలుగు నెలలు ఉండి వస్తే బిడ్డ ఇన్‌ఫెంట్ సీటు పరిమితి దాటిపోవచ్చు కూడా. తల పైన అంచుకి ఒక అంగుళం ఖాళీ లేకపోతే చాలా సీట్లకి మార్చే సమయం వచ్చినట్టే. బయల్దేరే వారం ముందు ఎత్తు, బరువు మళ్లీ చూసుకోండి.

మన విమానాలు చాలావరకు షంషాబాద్‌లో తెల్లవారుజామున దిగుతాయి. తాతయ్య, నానమ్మ, పెద్దనాన్న, బావ అందరూ వచ్చి నిలబడతారు. నానమ్మ చేతులు చాచి ఉంటుంది, ఇవ్వండి, ముద్దాడనివ్వండి. కారు తెచ్చేవాళ్లకి మాత్రం విమానం ఎక్కే ముందే మెసేజ్ పెట్టండి: వెనక సీటు కవరు కింద ఉన్న బకిళ్లు రెండూ పైకి తీసి ఉంచమని.